పాఠకుల ప్రశ్నలు: ఒకరి యుద్ధంలో మరొకరు

సిరియా కొత్త ప్రభుత్వం తన సైన్యంలోకి విదేశీ యోధులను తీసుకోవడం గురించి ఈ మధ్య మేము వేసిన చిన్న వ్యాఖ్యకు అనుకున్నదానికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఇస్లామిస్టు తిరుగుబాట్లలో పైదేశాల నుంచి వచ్చి పోరాడేవారి గురించి అడిగిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక చరిత్ర అధ్యాపకుడు): విదేశీ యోధుడు, కిరాయి సైనికుడు, ఉగ్రవాది అన్న మూడు మాటలనూ పత్రికలు ఒకే అర్థంలో వాడుతున్నాయి. వీటి మధ్య తేడా ఉందా, లేక ఇష్టం లేనివాడిని ఎలా పిలిచినా ఒకటేనా?

జవాబు: తేడా ఉంది. కిరాయి సైనికుడికైతే అంతర్జాతీయ న్యాయంలో నిర్వచనం కూడా ఉంది. 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక 47వ అధికరణం ప్రకారం, ప్రధానంగా సొంత లాభం కోసం, అదే సైన్యంలోని సాటి సిపాయిలకు వచ్చేదానికన్నా బాగా ఎక్కువ ప్రతిఫలం ఆశించి పరాయి యుద్ధంలో దిగేవాడు కిరాయి సైనికుడు. హైదరాబాద్ పాతబస్తీ అంచున ఉన్న బార్కాస్‌ను గుర్తు చేసుకోండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్‌లు ఉన్న చోటు కనుక దానికి ఆ పేరు నిలిచింది. వాళ్లను ఇక్కడికి రప్పించింది జీతం. ఇక్కడే కాపురాలు పెట్టి, రెండు మూడు తరాల్లో ఇక్కడివాళ్లే అయిపోయారు.

విదేశీ యోధుడి సంగతి వేరు. అతడిని అతడి ప్రభుత్వం పంపదు, జీతం అతడికి ముఖ్యం కాదు, ఆ యుద్ధం జరిగే దేశంలో అతడికి పౌరసత్వమూ ఉండదు, సాధారణంగా బంధుత్వమూ ఉండదు. ఒక నమ్మకం పేరు మీద తనంతట తాను వెళతాడు. ఇది ముస్లింలకే ప్రత్యేకమైనది కాదు: 1936-39 స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన పోరాడిన అంతర్జాతీయ దళాల్లో యాభైకి పైగా దేశాలవారు, మొత్తం మీద సుమారు 35,000 మంది ఉన్నారు. ఉగ్రవాదం అన్నది ఒక పద్ధతి పేరు, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నదానితో దానికి సంబంధం లేదు. విదేశీ యోధుడు ఆ పద్ధతి పట్టవచ్చు, పట్టకపోనూ వచ్చు. మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. 1948కి ముందు తెలంగాణ పల్లెలను వణికించిన ‘రజాకార్’ అన్న పదానికి ఉర్దూలో అర్థం స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవాడు అని మాత్రమే. తనంతట తాను వచ్చాడన్న ఒక్క కారణంతో ఎవరికీ మంచితనం అంటదు.

ప్రశ్న (కర్నూలు): అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనను ఓడించింది అరబ్బు ముజాహిదీన్లే అనీ, వాళ్లను తయారుచేసింది అమెరికాయే అనీ చదివాను. రెండూ నిజమేనా?

జవాబు: రెండూ పొరపాటే, ఒకటి వాళ్లు చెప్పుకొన్న గొప్ప, రెండోది వాళ్ల ప్రత్యర్థులకు నచ్చిన కథ. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం దిగినప్పటి నుంచి 1989 ఫిబ్రవరిలో ఆఖరి దళం వెనుదిరిగేదాకా ఆ యుద్ధాన్ని మోసింది లక్షన్నరకు తక్కువ కాని అఫ్గాన్ యోధులూ, వాళ్లకు అన్నం పెట్టిన పల్లెలూ. ఏ ఒక్క సమయంలో చూసినా అరబ్బులు రెండు మూడు వేలకు మించి లేరు, వాళ్లలోనూ చాలామంది పాకిస్తాన్‌లోని పెషావర్‌లో ఆసుపత్రుల్లో, కాందిశీకుల శిబిరాల్లో పనిచేసినవాళ్లే. 1987లో జాజీ దగ్గర ఒసామా బిన్ లాడెన్ మనుషులు సోవియట్ దాడిని కొన్నాళ్లు తట్టుకున్న మాట వాస్తవం. యుద్ధం మొత్తంలో అది చిన్న ఘట్టం, ప్రచారంలో మాత్రం పెద్దది. 1989లో సోవియట్లు వెళ్లిపోయాక జలాలాబాద్ ముట్టడిలో అరబ్బులు దండిగా చనిపోయారు, ఊరు మాత్రం పడలేదు.

ఇక అమెరికా సంగతి. ఆ దేశపు డబ్బు, దానికి దీటుగా సౌదీ ప్రభుత్వం ఇచ్చిన డబ్బు పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐ చేతుల మీదుగా పెషావర్‌లోని ఏడు అఫ్గాన్ పార్టీలకు చేరాయి. అరబ్బు స్వచ్ఛంద యోధులకు వేరే దారి ఉండేది, అది గల్ఫ్ దేశాల మసీదుల్లో, వ్యాపారుల దగ్గర పోగైన చందా. ఆ దారి వేసినవాడు అబ్దుల్లా అజ్జామ్. జెనీన్ దగ్గర 1941లో పుట్టిన ఈ పాలస్తీనా పండితుడు 1984లో బిన్ లాడెన్ సాయంతో పెషావర్‌లో ‘మక్తబ్ అల్ ఖిదమాత్’ అంటే సేవల కార్యాలయం తెరిచాడు.

నా దృష్టిలో అజ్జామ్ కార్యాలయం కన్నా అతడి ఫత్వా ముఖ్యమైనది. అప్పటిదాకా ఎక్కువమంది పండితుల లెక్కలో, ఒక ముస్లిం దేశం మీద దాడి జరిగితే దాన్ని కాపాడుకోవడం మొదట ఆ దేశంవారి బాధ్యత, వారి వల్ల కాకపోతే పొరుగువారిది; దూరదేశపు కుర్రవాడు వెళ్లాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అజ్జామ్ దాన్ని ‘ఫర్జె ఐన్’ అన్నాడు, అంటే నమాజులాగా, ఉపవాసంలాగా ప్రతి ఒక్కడూ విడిగా తీర్చవలసిన విధి, ఎవరి అనుమతీ అక్కరలేనిది. ఈ ఒక్క మాటతో ఒక దేశపు యుద్ధానికి హద్దులు చెరిగిపోయాయి. పాలకుడి ఆజ్ఞ, తండ్రి మాట, ఊరి ముల్లా సలహా పక్కకు తప్పుకొన్నాయి. 1989 నవంబరు 24న పెషావర్‌లో బాంబు పేలి అజ్జామ్ తన ఇద్దరు కొడుకులతో సహా చనిపోయాడు, చంపిందెవరో ఈనాటికీ తేలలేదు. అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే అల్ ఖైదా పుట్టింది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి): బయటినుంచి వచ్చిన ముజాహిదీన్ల వల్ల అక్కడి ప్రజలకు మేలు జరిగిందా, కీడు జరిగిందా? ఏదైనా ఒక దేశాన్ని తీసుకుని వివరంగా చెప్పండి.

జవాబు: రష్యా దక్షిణపు అంచున ఉన్న చెచెన్యాను తీసుకుంటాను; ఇంత తేటగా కనిపించే ఉదాహరణ మరొకటి నాకు తట్టలేదు.

1994 డిసెంబరులో రష్యా సైన్యం చెచెన్యాలోకి దిగినప్పుడు అది ఒక జాతి స్వాతంత్ర్య పోరాటం. దాని నాయకులు సోవియట్ సైన్యంలో పనిచేసిన అధికారులు. మొదటి అధ్యక్షుడు జోఖర్ దుదాయెవ్ వాయుసేనలో జనరల్, తరువాతి నాయకుడు అస్లాన్ మస్ఖాదొవ్ ఫిరంగిదళంలో కర్నల్. జనం మతం మాటకు వస్తే సూఫీ మార్గం. నఖ్ష్‌బందీ, ఖాదిరీ తరీకాల్లో, అంటే సూఫీ గురుపరంపరల్లో, ఏదో ఒకదానికి చెందని చెచెన్ కుటుంబం అరుదు. వలయంగా తిరుగుతూ, పాదాలు నేలకు కొడుతూ గొంతెత్తి చేసే జిక్ర్, అంటే దైవనామస్మరణ, వాళ్లకు భక్తి మాత్రమే కాదు, స్టాలిన్ 1944లో జాతి మొత్తాన్ని మధ్య ఆసియాకు తరిమేసినప్పుడు పట్టు తప్పకుండా నిలబెట్టిన ఆసరా కూడా. ఔలియాల, అంటే సూఫీ మహాత్ముల, సమాధుల దగ్గరకు వెళ్లి మొక్కుకోవడం, కడప పెద్దదర్గాకు వెళ్లే మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, అక్కడ అంతే సహజం.

1995లో ఈ నేల మీదికి ఒక పాతికేళ్ల సౌదీ యువకుడు వచ్చాడు. ఖత్తాబ్ అన్నది అతడు పెట్టుకున్న పేరు. పద్దెనిమిదేళ్లకే అఫ్గానిస్తాన్ వెళ్లాడు, తరువాత తజికిస్తాన్‌లో పోరాడాడు, చేతిబాంబు పేలి కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. యుద్ధవిద్యలో అతడు దిట్ట అనడంలో సందేహం లేదు. 1996 ఏప్రిల్‌లో షతోయ్ కనుమల్లో యారిష్‌మార్ది దగ్గర కాపు కాసి, 245వ మోటారు రైఫిల్ రెజిమెంటు కాన్వాయ్‌ని అతడి దళం ఇంచుమించు తుడిచిపెట్టేసింది. ఆ దాడిని వీడియో తీయించి క్యాసెట్లుగా అరబ్బు దేశాలకు పంపాడు. చందాలు రావడానికి, కొత్త కుర్రవాళ్లు బయలుదేరడానికి ఆ క్యాసెట్లు చేసినంత పని ఏ ప్రసంగమూ చేయలేదు. ఈనాడు ఫోన్లలో చూస్తున్న ప్రచార వీడియోలకు పూర్వరూపం అదే.

1996 ఆగస్టులో ఖసవ్‌యుర్త్ ఒప్పందంతో మొదటి యుద్ధం ఆగింది. చెచెన్లు గెలిచారు. ఊళ్లు కట్టుకోవాలి, బడులు తెరవాలి, మాస్కోతో మాట్లాడాలి. 1997 జనవరి ఎన్నికల్లో మస్ఖాదొవ్‌కు ఓట్లు పడింది అందుకే. వచ్చిన అతిథి వెళ్లిపోవలసిన సమయం కూడా అదే. ఖత్తాబ్ వెళ్లలేదు. సెర్జెన్‌యుర్త్ దగ్గర శిక్షణ శిబిరం పెట్టాడు. పని లేని, యుద్ధం తప్ప మరొకటి తెలియని చెచెన్ కుర్రవాళ్లకు అక్కడ తిండి, తుపాకీ, ఒక కొత్త మతబోధ దొరికాయి. వహాబీ అని పేరుపడ్డ ఆ బోధలో సమాధుల దగ్గర మొక్కడం షిర్క్ (దేవుడికి సాటి కల్పించే పాపం), గొంతెత్తి చేసే జిక్ర్ బిద్అత్ (మతంలో లేని కొత్త పోకడ), తాతముత్తాతల మతం తప్పుల తడక. ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మధ్య నమాజు దగ్గరే తగాదా మొదలైంది. 1998 జులైలో గుదెర్మెస్‌లో వహాబీలకూ ప్రభుత్వానికి మద్దతు ఇచ్చిన చెచెన్ దళాలకూ మధ్య కాల్పులు జరిగి పదుల సంఖ్యలో చనిపోయారు. చంపిందీ చచ్చిందీ మొన్నటిదాకా ఒకే కందకంలో కూర్చున్నవాళ్లే.

1999 ఆగస్టులో ఖత్తాబ్, చెచెన్ కమాండర్ షమిల్ బసాయెవ్ కలిసి వందలమందితో పొరుగున ఉన్న దాగెస్తాన్‌లోకి చొరబడ్డారు. దాగెస్తాన్ జనం లేచి తమతో కలుస్తారని వాళ్ల లెక్క. కలవకపోగా బోత్లిఖ్ కొండల్లోని ఊరివాళ్లు వేటతుపాకులు పట్టుకుని ఎదురు తిరిగారు. ఎన్నికైన అధ్యక్షుడికి ఇష్టం లేని ఈ దండయాత్ర రష్యాకు రెండో యుద్ధం మొదలుపెట్టడానికి కావలసిన సాకు ఇచ్చింది. గ్రోజ్నీ నేలమట్టమైంది, మొదటి యుద్ధంలో రక్తం ధారపోసి సంపాదించుకున్నదంతా పోయింది.

ఈ కథలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ముఫ్తీ అఖ్మద్ కదీరొవ్ మలుపు. మొదటి యుద్ధంలో రష్యా మీద జిహాద్ ప్రకటించిన మతపెద్ద ఇతడే. 1999 చివరికి ఇతడే మాస్కో పక్షానికి మారాడు, 2000లో పుతిన్ ఇతడినే చెచెన్యా పరిపాలనకు అధిపతిని చేశాడు. పదవి మీద ఆశ లేదని ఎవరూ అనరు. కానీ అతడు పదేపదే చెప్పిన కారణం వహాబీలు. అతడి వెంట నడిచిన జనంలో చాలామందికి ఆ మాట సాకుగా అనిపించలేదు. 2002 మార్చిలో రష్యా గూఢచారులు విషం పూసిన ఉత్తరం పంపి ఖత్తాబ్‌ను చంపారు. 2004 మే 9న గ్రోజ్నీ స్టేడియంలో బాంబు పెట్టి తిరుగుబాటుదారులు కదీరొవ్‌ను చంపారు. ఈనాడు చెచెన్యాను గుప్పిట్లో పెట్టుకున్నది అతడి కొడుకు రంజాన్.

కనుక మీ ప్రశ్నకు సూటిగా జవాబు: యుద్ధరంగంలో ఒకటి రెండు చోట్ల మేలు, యుద్ధ లక్ష్యానికి మాత్రం తీరని కీడు. చెచెన్లకు కావలసింది ఒక దేశం. ఖత్తాబ్ మనసులో ఉన్నది దేశాలన్నిటికీ అతీతమైన యుద్ధం, అందులో చెచెన్యా ఒక మజిలీ. అయితే దోషమంతా పైవాళ్ల మీద నెట్టేయడం కూడా న్యాయం కాదు. అతడికి చోటిచ్చి, చెయ్యి కలిపిన బసాయెవ్ అక్కడి మట్టిలో పుట్టినవాడే. ఊళ్లను బాంబులతో కొట్టి కుర్రవాళ్లను ఆ శిబిరాల వైపు తోసింది రష్యా సైన్యం.

ప్రశ్న (శ్రీకాకుళం): కాశ్మీరులోకి పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారా?

జవాబు: కొంతవరకే. అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది పాకిస్తాన్ గడ్డ మీద, ఆ దేశపు వ్యవస్థల అండతో నడిచే సంస్థలు ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి పంపినవాళ్లు. తనంతట తాను టికెట్టు కొనుక్కుని వచ్చిన స్వచ్ఛంద యోధుడి నిర్వచనానికి వాళ్లు సరిగ్గా సరిపోరు. కాశ్మీరులో వాళ్లకు ‘మెహమాన్ ముజాహిద్’ అని పేరు పెట్టారు, అతిథి అని అర్థం. ఆ ఆతిథ్యం ఖరీదు 1995లో చరారె షరీఫ్‌లో తెలిసింది. కాశ్మీరీలు హిందూముస్లిం భేదం లేకుండా కొలిచే నుంద్ రుషి దర్గా ఉన్న ఆ ఊళ్లో పాకిస్తానీ మస్త్ గుల్ తన మనుషులతో తిష్ఠ వేశాడు, సైన్యం చుట్టుముట్టింది, మే 11న దర్గా కాలి బూడిదైంది. నిప్పు పెట్టింది మీరంటే మీరని ఇరుపక్షాలూ అనుకున్నాయి. మస్త్ గుల్ మాత్రం తప్పించుకుని పాకిస్తాన్ చేరి పూలదండలు వేయించుకున్నాడు.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక పాఠకురాలు): ఇలా వెళ్లినవాళ్లు చివరికి ఏమవుతారు?

జవాబు: చాలామంది అక్కడే చనిపోతారు, కొందరు విసిగి ఇంటిదారి పడతారు, కొందరు మరో యుద్ధానికి నడుస్తారు. మీ దేశం నుంచే ఒక ఉదాహరణ. అలబామా రాష్ట్రంలోని డాఫ్నీ అనే చిన్న ఊళ్లో పుట్టిన ఒమర్ హమ్మామీ 2006లో సోమాలియా వెళ్లి అక్కడి ఇస్లామిస్టు సాయుధ సంస్థ అల్ షబాబ్‌లో చేరాడు. ఆంగ్లంలో ప్రచార గీతాలు పాడి పేరు తెచ్చుకున్నాడు. కొంతకాలానికి నాయకులతో విభేదించాడు, వాళ్లు విదేశీయులను సరిగా చూడరని బాహాటంగా అన్నాడు, 2012 మార్చిలో తన ప్రాణానికి తన సంస్థ నుంచే ముప్పు ఉందని వీడియో పెట్టాడు. ఒకవైపు అమెరికా అతడి తలకు వెల కట్టింది, మరోవైపు షబాబ్ వేటాడింది. రెంటికీ చెడ్డ రేవడిలా అడవుల్లో తిరిగి, 2013 సెప్టెంబరులో షబాబ్ మనుషుల చేతుల్లోనే చచ్చాడు.

ప్రశ్న (నల్గొండ నుంచి ఒక న్యాయవాది): ఐసిస్‌లోకి మన దేశం నుంచి చాలామంది వెళ్లారని టీవీలు ఊదరగొట్టాయి. వాస్తవం ఎంత? అలా వెళ్లినవారికి ఇక్కడ ఏ చట్టం వర్తిస్తుంది?

జవాబు: సిరియా, ఇరాక్‌లకు నూటికి పైగా దేశాల నుంచి 40,000 మందికి పైగా వెళ్లారని ఐక్యరాజ్యసమితి లెక్క. కోటి పదిలక్షల జనాభా ఉన్న ట్యునీషియా నుంచి ఎంత తక్కువగా చూసినా మూడు వేలమంది వెళ్లారు. నాలుగు లక్షల జనం ఉన్న మాల్దీవుల నుంచి సుమారు 200 మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం 17 కోట్లకు పైగా ముస్లింలు ఉన్న మన దేశం నుంచి వెళ్లినవారు ఏ అంచనా చూసినా వేలలో లేరు, రెండు మూడు వందల లోపే. టీవీ చర్చల హోరుకూ ఈ అంకెకూ పొంతన లేదు.

ఎందుకు ఇంత తక్కువ అన్నదానికి సూఫీ సంప్రదాయం, ఉలేమాలు ఐసిస్‌ను ఖండిస్తూ ఇచ్చిన ఫత్వాలు అని సాధారణంగా చెబుతారు. నిజమే కావచ్చు, కానీ సూఫీ సంప్రదాయం చెచెన్యాను ఆదుకోలేకపోయిందని పైన చూశాం. నాకు తోచిన కారణం మరింత మామూలుది: ముందు వెళ్లిన అన్నో, బావమరిదో, సహాధ్యాయో లేనిచోట తరువాతివాడు బయలుదేరడం కష్టం. అలాంటి గొలుసు ఒక్కచోట ఏర్పడగానే ఏమవుతుందో 2016లో కేరళలో చూశాం. ఎక్కువగా కాసరగోడ్ జిల్లా నుంచి, భార్యాభర్తలు, అన్నదమ్ములు, స్నేహితులు కలిసి ఇరవైమందికి పైగా ఒకరి వెనుక ఒకరు అఫ్గానిస్తాన్‌లోని నంగర్‌హార్ చేరారు. మన దగ్గర గొలుసు మొదట్లోనే తెగింది. 2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో పోలీసులు ఆపిన ముగ్గురు కుర్రవాళ్లు హైదరాబాద్‌వారే.

ఇక చట్టం. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఉపా, ఎలాగూ ఉంది. దానితోపాటు మీ వృత్తిలోనివారు కూడా అరుదుగా తిరగేసే ఒక సెక్షను ఉంది: పాత భారత శిక్షాస్మృతి 125, భారత ప్రభుత్వంతో మైత్రి ఉన్న ఆసియా దేశపు ప్రభుత్వం మీద యుద్ధం చేయడం నేరమన్నది. ఇరాక్ వెళ్లి ఐసిస్‌లో చేరి తిరిగివచ్చిన ఒక వ్యక్తికి 2020 సెప్టెంబరులో కొచ్చిలోని ఎన్ఐఏ ప్రత్యేక న్యాయస్థానం ఈ సెక్షను కింద కూడా దోషిగా తేల్చి యావజ్జీవ శిక్ష విధించింది. కొత్త భారతీయ న్యాయ సంహితలో ఇది 153వ సెక్షను అయింది, ‘ఆసియా’ అన్న పరిమితి పోయింది. అంతర్జాతీయంగా 2014 సెప్టెంబరు 24న భద్రతామండలి చేసిన 2178వ తీర్మానం, ఉగ్రవాద ఉద్దేశంతో ఇలా ప్రయాణించడాన్నే నేరంగా చేయాలని సభ్యదేశాలన్నిటినీ ఆదేశించింది.

ప్రశ్న (విజయవాడ): యుద్ధం గెలిచాక ఈ విదేశీయులను ఏం చేయాలి? సిరియా చేసింది సరైనదేనా?

జవాబు: ఈ చిక్కు ముందు బోస్నియాకు వచ్చింది. 1992-95 యుద్ధంలో అక్కడికి వచ్చిన అరబ్బులను కూర్చి 1993 ఆగస్టులో ‘ఎల్ ముజాహిద్’ అనే దళంగా బోస్నియా సైన్యంలోనే చేర్చారు, అదుపులో ఉంటారన్న ఆశతో. ఉండలేదు, బందీలుగా చిక్కిన సెర్బు సైనికులను ఆ దళం హింసించినందుకు సైన్యాధిపతి రసీమ్ దెలిచ్‌కు హేగ్ న్యాయస్థానం 2008లో మూడేళ్ల శిక్ష వేసింది. ఆ యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందం విదేశీ యోధులంతా 30 రోజుల్లో వెళ్లిపోవాలంది. చాలామంది వెళ్లారు, బోస్నియా స్త్రీలను పెళ్లాడి పౌరసత్వం సంపాదించినవాళ్లు ఉండిపోయారు. 2001 తరువాత అమెరికా ఒత్తిడి పెరిగాక ఆ పౌరసత్వాలను తిరగదోడి కొన్ని వందలు రద్దు చేశారు.

సిరియాలో 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలింది, నెల తిరగకముందే సైన్యంలో పై హోదాలు పొందినవారి జాబితాలో విదేశీయుల పేర్లు కనిపించాయి. 2025 జూన్‌లో సుమారు 3,500 మందిని, వాళ్లలో ఎక్కువమంది చైనా నుంచి వచ్చిన ఉయ్గుర్లు, 84వ డివిజన్‌లో కలుపుకోవడానికి అమెరికా కూడా ఒప్పుకుంది. వీధిన వదిలేస్తే ఐసిస్ వైపు పోతారన్న వాదన తీసిపారేసేది కాదు. అయితే వాళ్లు ఎవరి మాట వింటారన్న ప్రశ్న బోస్నియాలోలాగే ఇక్కడా మిగిలి ఉంది. 2025 మార్చిలో తీరప్రాంతపు అలవీల (అసద్ కుటుంబం చెందిన అల్పసంఖ్యాక వర్గం) మీద జరిగిన మారణకాండలో విదేశీయులకూ చెయ్యి ఉందన్న ఆరోపణలు వచ్చాయి. సైన్యంలో చోటివ్వడం కన్నా చిక్కైన సమస్య వాళ్ల ఇళ్లలో ఉంది. చాలామంది సిరియా స్త్రీలను పెళ్లాడారు. సిరియా చట్టంలో పౌరసత్వం తండ్రి నుంచే వస్తుంది. తండ్రి దేశం అతడిని తనవాడిగా ఒప్పుకోదు. ఇద్లిబ్‌లో పుట్టి, అరబీ తప్ప మరో భాష రాని పదేళ్ల పిల్లవాడిని బడిలో చేర్చేటప్పుడు కాగితంలో ఏ దేశం అని రాయాలో ఆ ప్రభుత్వం ముందు తేల్చాలి.